పేటెంటు నంబరు 2,292,387

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన ఏడాది మహిళా దినోత్సవానికి మా ఈసీఈ బ్రాంచి తరఫున నోటీసు బోర్డులో పెట్టిన పోస్టరు చేసింది నేనే. మధ్యలో పెద్ద బ్లాక్ అండ్ వైట్ ఫోటో. నడిమి పాపిట, భుజాల దాకా నల్లటి జుట్టు, ఎటో చూస్తున్న కళ్ళు. కింద లావుపాటి అక్షరాల్లో వైఫై, బ్లూటూత్, జీపీఎస్ మూడూ కనిపెట్టిన హాలీవుడ్ తార హెడీ లమార్ అని రాశాను. ఎక్కడో వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డు నుంచి ఎత్తుకొచ్చిన వాక్యమే అది, దాచడానికేముంది. చూసినవాళ్ళంతా ఫోటో బాగుందన్నారు. రెండో రోజు సెకండియర్ అమ్మాయి ఒకతి వచ్చి, ఈవిడ వైఫై ఎలా కనిపెట్టిందక్కా, అప్పటికి కంప్యూటర్లే సరిగా లేవు కదా అని అడిగింది. గేలి చేయడానికి కాదు, నిజంగా తెలుసుకుందామని. నా దగ్గర జవాబు లేదు. ఏదో గొణిగి తప్పించుకున్నాను.

ఆ గొణుగుడు చాలా రోజులు గుచ్చుకుంది. సెలవుల్లో ఇంటికెళ్ళాక కూర్చుని అసలు పేటెంటు దింపుకుని చదివాను. తర్వాత ఆవిడ సినిమాలు దొరికినన్ని చూశాను, జీవితం గురించి దొరికినంతా చదివాను. నా పోస్టరు మీద ఉన్న వాక్యం దాదాపు అబద్ధమని తేలింది. కానీ నిజం ఆ అబద్ధం కన్నా ఎంతో బాగుంది. అదే మీకు చెప్దామని ఈ వ్యాసం.

ఆమె అసలు పేరు హెడ్విగ్ ఎవా మరియా కీస్లర్. 1914 నవంబరు 9న వియన్నాలో పుట్టింది. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలై మూడు నెలలు. తండ్రి ఎమిల్ బ్యాంకులో పెద్ద ఉద్యోగి, తల్లి గెర్ట్రూడ్ పియానో వాయించేది. యూదు మూలాలున్న కుటుంబం, డబ్బుకి లోటు లేదు, ఒక్కగానొక్క కూతురు. తండ్రి అంటే ఆ పిల్లకి ప్రాణం. సాయంత్రాలు షికారుకి తీసుకెళ్ళినప్పుడు దారిలో కనిపించిన ప్రతి యంత్రం ఎలా పనిచేస్తుందో విడమరిచి చెప్పేవాడట. ట్రాములు ఎలా కదులుతాయి, అచ్చు యంత్రంలో కాగితం ఎలా తిరుగుతుంది, ఇలాంటివి. ఐదేళ్ళ వయసులో ఇంట్లో ఉన్న మ్యూజిక్ బాక్సుని మొత్తం విప్పేసి మళ్ళీ బిగించిందని చెబుతారు. మనలో చాలామంది ఆ వయసులో విప్పేసినవాళ్ళమే. మళ్ళీ బిగించడం దగ్గరే తేడా.

ఆమె ఇంజనీరింగ్ చదువు అక్కడితో సరి. బడికి ఎగనామం పెట్టి వియన్నాలోని సాషా స్టూడియోలో చేరింది, ముందు చిన్నా చితకా పని, తర్వాత చిన్న వేషాలు. మాక్స్ రైన్‌హార్ట్ అంతటి నాటక దర్శకుడి దగ్గర పనిచేసింది. 1932లో గుస్తావ్ మఖాటీ అనే చెక్ దర్శకుడి సినిమాలో హీరోయిన్ వేషం వచ్చింది. ఆ సినిమా పేరు ఎక్స్టసీ. 1933 జనవరిలో ప్రాగ్‌లో విడుదలైంది. అందులో ఆమె బట్టల్లేకుండా చెరువులో ఈదే సీను, అడవిలో పరిగెత్తే సీను ఉన్నాయి. షూటింగ్ నాటికి ఆమెకు పదిహేడేళ్ళు. దూరం నుంచి తీస్తే ఏమీ కనబడదని నమ్మించి మోసం చేశారని ఆమె తర్వాత చెప్పుకుంది. సెట్ మీద ఉన్నవాళ్ళలో కొందరు అదేం కాదు, అన్నీ తెలిసే చేసిందన్నారు. ఎవరి మాట నిజమైనా, ఆ కొన్ని నిమిషాల ఫిల్ము ఆమెను చచ్చేదాకా వదల్లేదు. అమెరికాలో కస్టమ్స్‌వాళ్ళు ఆ ప్రింటుని ఆపేశారు, చర్చి పెద్దలు తిట్టారు. ఇంట్లో తల్లిదండ్రులు ఎంత కుమిలిపోయారో వేరే చెప్పక్కర్లేదు.

అదే ఏడాది ఆమె వియన్నాలో నాటకరంగం మీద మహారాణి ఎలిజబెత్ వేషం వేస్తుంటే రోజూ గదినిండా పూలు పంపిన మనిషి ఫ్రిట్జ్ మాండ్ల్. హిర్టెన్‌బెర్గ్ అనే ఊళ్ళో తూటాల ఫ్యాక్టరీకి యజమాని, ఆస్ట్రియాలో పెద్ద ఆయుధాల వ్యాపారి. ముస్సోలినీతో స్నేహం. తండ్రి వైపు నుంచి తానూ యూదుడే అయినా ఫాసిస్టులతో వ్యాపారానికి ఆయనకేమీ అడ్డం రాలేదు. 1933 ఆగస్టులో పెళ్ళయింది. ఆమెకు పద్దెనిమిది, ఆయనకు ముప్ఫై మూడు. పెళ్ళయ్యాక ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఎక్స్టసీ ప్రింట్లు ప్రపంచంలో ఎక్కడున్నా సరే కొనేయడానికి ప్రయత్నించడం. కొన్నకొద్దీ ఇంకా పుట్టుకొచ్చాయి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఏదైనా తీసేయించాలని చూసినవాళ్ళకి ఈ కష్టం బాగా అర్థమవుతుంది.

రెండో పని, ఆమె నటనకు ఫుల్‌స్టాప్ పెట్టడం. నగలు, కోటలాంటి ఇల్లు, నౌకర్లు అన్నీ ఉన్నాయి, బయటికెళ్ళే స్వేచ్ఛ తప్ప. ఆమె పని ఒక్కటే, ఆయన విందుల్లో అందంగా కూర్చోవడం. ఆ బల్ల చుట్టూ సైనికాధికారులు, ఆయుధాలు కొనేవాళ్ళు, తయారుచేసేవాళ్ళు. టార్పెడోలు గురి తప్పడం గురించీ, వాటిని దూరం నుంచి నడపడంలో ఇబ్బందుల గురించీ అక్కడ మాటలు నడిచేవి. అందమైన భార్యకి ఇవేం అర్థమవుతాయిలే అని ఎవరూ గొంతు తగ్గించి ఉండరు. ఈ భాగం చదువుతున్నప్పుడు నాకు మా ప్రాజెక్టు రివ్యూలు గుర్తొచ్చాయి. సర్క్యూట్ గురించి ప్రశ్న వస్తే టీములో ఉన్న అబ్బాయి వైపు, పీపీటీ రంగుల గురించి అయితే నా వైపు చూసేవారు. సరే, అది వేరే కథ.

1935లో తండ్రి చనిపోయాడు. 1937లో ఆమె మాండ్ల్ ఇంట్లోంచి పారిపోయింది. ఎలా పారిపోయిందన్నదానికి మూడు నాలుగు కథలున్నాయి, తనే ఒక్కోసారి ఒక్కోలా చెప్పింది. పనిమనిషి బట్టలు వేసుకుని, నగలు కోటు లోపల కుట్టుకుని వెళ్ళిందన్నది అందరికీ ఇష్టమైన కథ. సినిమా వాళ్ళ కథ కదా, కొంచెం మసాలా ఉంటుంది. వెళ్ళిందన్నది మాత్రం నిజం. సరిగ్గా సమయానికి వెళ్ళింది కూడా. మరో ఏడాది లోపే, 1938 మార్చిలో, హిట్లర్ సైన్యం వియన్నాలో దిగింది. తల్లి కూడా తర్వాత అమెరికా చేరింది. తన యూదు మూలాల గురించి మాత్రం హెడీ జీవితంలో ఎప్పుడూ బయట చెప్పలేదు, కన్నపిల్లలకు కూడా.

లండన్‌లో ఎంజీఎం అధినేత లూయీ బి. మేయర్‌ని కలిసింది. యూరప్ నుంచి పారిపోయి వస్తున్న కళాకారుల్ని చవగ్గా పట్టుకెళ్ళడానికి ఆయన వచ్చాడు. వారానికి 125 డాలర్లు ఇస్తానన్నాడు. చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా ఆమె వద్దని వచ్చేసింది. ఆ తర్వాత ఆయన తిరిగెళ్తున్న నార్మండీ అనే ఓడలోనే తనూ టికెట్ సంపాదించి ఎక్కింది. భోజనాల హాల్లోకి ఆమె నడిచొస్తుంటే జనమంతా తలలు తిప్పి చూడటం మేయర్ గమనించాడు. అమెరికా ఒడ్డు చేరేసరికి వారానికి సుమారు 500 డాలర్ల కాంట్రాక్టు, దాంతోపాటు కొత్త పేరు. మూకీల కాలంలో బార్బరా లా మార్ అనే తార ఉండేది, 1926లో చిన్నవయసులోనే పోయింది. ఆమె ఇంటిపేరు తెచ్చి ఈమెకు తగిలించారు. అలా హెడీ లమార్ అయింది. ప్లేస్‌మెంట్స్‌లో మొదటి ఆఫర్‌కే తలూపేసే మనం ఈ బేరం నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

1938లో అల్జీర్స్ విడుదలైంది. చార్లెస్ బోయర్ హీరో. ఆమె నీడలోంచి వెలుగులోకి వచ్చే సీనుకి హాళ్ళలో జనం ఊపిరి బిగబట్టారని అప్పటి వాళ్ళు రాశారు. ఏడాది తిరక్కుండా హాలీవుడ్‌లో తారలు జుట్టుకి నల్లరంగు వేసుకుని నడిమి పాపిట తీయడం మొదలెట్టారు. జోన్ బెన్నెట్ అనే నటి బంగారు జుట్టు మానేసి నల్లజుట్టుకి మారి, ఆ తర్వాత అలాగే ఉండిపోయింది. ఆపైన క్లార్క్ గేబుల్, స్పెన్సర్ ట్రేసీలతో బూమ్ టౌన్, జేమ్స్ స్టూవర్ట్‌తో కమ్ లివ్ విత్ మీ, జూడీ గార్లాండ్, లానా టర్నర్‌లతో జీగ్‌ఫెల్డ్ గర్ల్. కామ్రేడ్ ఎక్స్‌లో మాస్కో ట్రాములో పనిచేసే అమ్మాయి. నాకైతే నచ్చింది ఇదే, ఎందుకంటే ఇందులో ఆమెకు నవ్వించే అవకాశం దొరికింది. చిన్నప్పుడు తండ్రి ట్రాముల గురించి చెప్పిన సంగతి చూస్తున్నంతసేపూ గుర్తొస్తూనే ఉంది.

అన్ని సినిమాలూ చూశాక నిజాయితీగా నా అభిప్రాయం చెప్తున్నా. ఆమె గొప్ప నటి అని నేననను. కానీ నటించే అవకాశం ఎంత ఇచ్చారన్నది కూడా చూడాలి. చాలా సినిమాల్లో కెమెరా ఆమె ముఖం మీదకొచ్చి ఆగిపోతుంది, కథ కూడా అక్కడే ఆగిపోతుంది. 1942లో వచ్చిన వైట్ కార్గోలో ఒంటికి ముదురు రంగు పూసి ఆఫ్రికా అమ్మాయిని చేశారు. అది బాగా ఆడింది, కానీ ఇవాళ కూర్చుని చూడటం కష్టం. హెచ్.ఎం. పుల్హమ్‌లో మాత్రం ఉద్యోగం చేసుకుంటూ తన కాళ్ళ మీద తాను నిలబడ్డ అమ్మాయి పాత్ర ఇచ్చారు. అందులో చూడండి, మనిషే వేరు.

ఇప్పుడు అసలు సంగతి. షూటింగ్ అయ్యాక హాలీవుడ్ పార్టీలకు వెళ్తే ఈమె ఇంటికొచ్చేది. ఇంట్లో డ్రాయింగ్ బల్ల ఒకటి, చుట్టూ ఇంజనీరింగ్ పుస్తకాలు. సినిమాలూ విమానాలూ రెండూ తీసే కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూస్‌తో కొన్నాళ్ళు స్నేహం నడిచింది. ఆయన విమానాల రెక్కలు నలుచదరంగా ఉన్నాయని, వేగంగా ఈదే చేపల మొప్పరెక్కలూ వేగంగా ఎగిరే పక్షుల రెక్కలూ చూసి కొత్త రెక్కకి బొమ్మ గీసిచ్చింది. నీళ్ళలో వేస్తే కోలా డ్రింకుగా మారే బిళ్ళ తయారుచేయాలని కూడా ప్రయత్నించింది. హ్యూస్ ఇద్దరు కెమిస్టుల్ని సాయమిచ్చినా అది కుదర్లేదు. ఆ ఓటమి గురించి ఆమె తర్వాత నవ్వుతూనే చెప్పుకునేది.

1940 వేసవి తర్వాత ఒక విందులో జార్జ్ ఆంథైల్ పరిచయమయ్యాడు. న్యూజెర్సీలో పుట్టిన సంగీతకారుడు. 1920ల్లో పారిస్‌లో బాలే మెకానిక్ అనే రచనతో గొడవ గొడవ చేసిన మనిషి. ప్లేయర్ పియానోలు, విమానం పంకాలు, సైరన్లు కలిపి రాసిన సంగీతం అది. ప్లేయర్ పియానో అంటే దానంతట అదే వాయించుకునే పియానో. లోపల చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట తిరుగుతుంటుంది, చిల్లు వచ్చిన చోట ఆ మెట్టు మోగుతుంది. అలాంటి పియానోలు చాలావాటిని ఒకేసారి, ఒకే తాళంలో మోగించాలని ఆంథైల్ అప్పట్లో తెగ తంటాలు పడ్డాడు. ఇంకో విషయం, శరీరంలోని గ్రంథుల మీద పత్రికల్లో వ్యాసాలు కూడా రాసేవాడు. నిజానికి హెడీ ఆయన్ని కలవాలనుకున్నది ఆ గ్రంథుల గురించి అడగడానికే. మాట యుద్ధం మీదికి మళ్ళింది. ఆ జూన్‌లోనే ఆయన తమ్ముడు ప్రయాణిస్తున్న విమానాన్ని బాల్టిక్ సముద్రం మీద సోవియట్ విమానాలు కూల్చేశాయి. ఆమె వదిలొచ్చిన ఊరు హిట్లర్ చేతిలో ఉంది. యుద్ధం ఇద్దరికీ పేపర్లో చదివే వార్త కాదు.

సెప్టెంబరు 17న సిటీ ఆఫ్ బెనారస్ అనే ఓడని జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. బాంబుల నుంచి తప్పించడానికి బ్రిటన్ నుంచి కెనడాకి పంపుతున్న 90 మంది పిల్లలున్నారు అందులో. 77 మంది చనిపోయారు.

టార్పెడోని వదిలాక రేడియోతో దారి మళ్ళించగలిగితే గురి తప్పదు. కానీ రేడియో ఒకే ఫ్రీక్వెన్సీలో నడిస్తే శత్రువు దాన్ని కనిపెట్టి అదే ఫ్రీక్వెన్సీలో గోల పెడతాడు, జామింగ్ అన్నమాట. టార్పెడో దారి తప్పుతుంది. హెడీ ఆలోచన ఏంటంటే, పంపేవాడూ అందుకునేవాడూ ఇద్దరూ కలిసి ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోతే? ప్రతి పీరియడ్‌కీ రూము మారే క్లాసుని ఊహించుకోండి. టైమ్‌టేబుల్ చేతిలో ఉన్నవాడు సరిగ్గా వచ్చి కూర్చుంటాడు. లేనివాడు ఖాళీ రూముల చుట్టూ తిరుగుతుంటాడు. ఇంతకీ ఆ టైమ్‌టేబుల్ ఒక కాపీ ఓడలోనూ, ఇంకో కాపీ నీళ్ళలో దూసుకెళ్ళే టార్పెడోలోనూ ఎలా పెట్టాలి? ఆ రెండూ ఒకే క్షణంలో ఎలా కదలాలి? ఇక్కడే ఆంథైల్ పియానోల అనుభవం పనికొచ్చింది. ఒకేలా చిల్లులు పొడిచిన రెండు కాగితపు చుట్టలు. టార్పెడో వదిలిన క్షణంలోనే రెండూ తిరగడం మొదలెడతాయి. చిల్లు మారినప్పుడల్లా కెపాసిటర్ మారుతుంది, ట్యూనింగ్ మారుతుంది. పియానోకి 88 మెట్లు కాబట్టి 88 ఫ్రీక్వెన్సీల దాకా వెళ్ళొచ్చని పేటెంటులోనే రాశారు.

ఆ పేటెంటు చదువుతుంటే నన్ను కట్టిపడేసిన చిన్న వివరం ఒకటుంది. పంపే వైపు ఏడు ఛానెళ్ళు, అందుకునే వైపు నాలుగే. మిగతా మూడు ఎందుకంటే శత్రువుని బోల్తా కొట్టించడానికి. వాటిలో పంపే సంకేతాలు టార్పెడోకి వినపడవు, దొంగతనంగా వినేవాడికి మాత్రం వినపడి వాణ్ణి తికమకపెడతాయి. సర్క్యూట్‌లో కూడా నటన పెట్టారు చూడండి. ఇది చదివినప్పుడు రాత్రి రెండింటికి హాల్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను, మా అమ్మ లేచొచ్చి ఏమైందని అడిగింది.

ఎలక్ట్రానిక్స్ వివరాలు సరిచూడటానికి కాల్‌టెక్ ప్రొఫెసర్ మెకియోన్ సాయం చేశాడు. 1941 జూన్ 10న దరఖాస్తు, 1942 ఆగస్టు 11న మంజూరు. నంబరు 2,292,387. పేరు, రహస్య సమాచార వ్యవస్థ. ఆవిష్కర్తలు హెడీ కీస్లర్ మార్కీ, జార్జ్ ఆంథైల్. మార్కీ అనేది అప్పటి రెండో భర్త ఇంటిపేరు. ఈ కాగితం మీద లమార్ అనే పేరే లేదు. అంటే ఆ పేటెంటుని ఆఫీసులో ఎవరైనా తిరగేసినా, గోడ మీద పోస్టర్లో నవ్వుతున్న మనిషి ఈమేనని తెలిసే వీలు లేదు.

నౌకాదళం తీసుకోలేదు. కారణాలు పూర్తిగా అన్యాయమైనవేం కాదు. పెర్ల్ హార్బర్ తర్వాత వాళ్ళ దగ్గరున్న మామూలు టార్పెడోలే సరిగ్గా పేలడం లేదు, మార్క్ 14 టార్పెడోతో 1943 దాకా నానా తిప్పలు పడ్డారు. ఇలాంటప్పుడు లోపల కాగితపు చుట్ట తిరిగే కొత్త యంత్రం ఎవరికి కావాలి? పియానో అన్న మాట కనబడగానే టార్పెడోలో పియానో పెట్టమంటున్నారా అని అధికారులు అనుకుని ఉంటారని ఆంథైల్ వాపోయాడు. వాచీలో పట్టేంత చిన్నదిగా చేయొచ్చన్నది ఆయన వాదన. ఫైలు అటకెక్కింది. నువ్వు అందంగా ఉన్నావు, బాండ్లు అమ్మిపెట్టు, అదే దేశసేవ అన్న సలహా వచ్చిందని చెబుతారు. ఆమె అమ్మింది కూడా. ఊరూరా తిరిగి కోట్ల డాలర్ల యుద్ధ బాండ్లు అమ్మింది, సైనికుల కోసం పెట్టిన హాలీవుడ్ క్యాంటీన్‌లో వడ్డించింది. అమెరికా పౌరసత్వం వచ్చింది 1953లో. అంటే ఆ దేశం కోసం పేటెంటు రాసినప్పుడు ఆమె ఆ దేశస్థురాలు కూడా కాదు.

ఇక్కడ సెకండియర్ అమ్మాయికి నేను బాకీ ఉన్న జవాబు. వైఫై హెడీ కనిపెట్టలేదు. 1997 నాటి మొదటి వైఫై ప్రమాణంలో ఫ్రీక్వెన్సీ హాపింగ్ ఒక ఐచ్ఛికంగా ఉంది, కానీ మనం వాడే వైఫై ఆ దారిలో సాగలేదు. జీపీఎస్ అసలు హాపింగే కాదు, అది డైరెక్ట్ సీక్వెన్స్. రెండూ స్ప్రెడ్ స్పెక్ట్రమ్ కుటుంబంలోవే, దాయాదులు అనుకోండి. బ్లూటూత్ మాత్రం నిజంగా హాపింగే. 79 ఛానెళ్ళ మధ్య సెకనుకి 1600 సార్లు గెంతుతుంది. మా హాస్టల్ రీడింగ్ రూములో యాభై మంది ఇయర్‌ఫోన్స్ పెట్టుకు కూర్చున్నా ఒకరి పాట ఇంకొకరికి వినపడకపోవడంలో ఈ గెంతులకీ వాటా ఉంది. కాగితపు చుట్ట బదులు క్లాకు, డివైస్ అడ్రసు కలిపి ఆ వరుసని లెక్కగడతాయి. అంతే తేడా. అలాగని ఫ్రీక్వెన్సీలు మార్చడమనే ఊహ మొదట ఈమెకే వచ్చిందా అంటే అదీ కాదు. టెస్లా పేటెంట్లలో దాని ఛాయలున్నాయి, 1932లో బ్రోర్ట్‌జెస్ అనే డచ్చి ఇంజనీరుకి ఇలాంటి పేటెంటే వచ్చింది. భర్త బల్ల దగ్గర విన్నదే వచ్చి రాసేసిందని ఇంకో వాదన. నాకది ఒప్పుకోబుద్ధి కాలేదు. టార్పెడో దారి తప్పుతోందని వినడం వేరు, తప్పకుండా ఉండే దారి కట్టడం వేరు. బల్ల చుట్టూ కూర్చున్న మిగతావాళ్ళు కూడా విన్నారుగా. ఆంథైల్ కూడా మూల ఆలోచన హెడీదేనని స్పష్టంగా చెబుతూ వచ్చాడు.

పేటెంటు గడువు 1959లో తీరింది. ఆంథైల్ పోయింది కూడా అదే ఏడాది. 1950ల్లో నౌకాదళం కోసం సోనోబాయ్ పరికరం మీద పనిచేసిన ఓ ఇంజనీరు ఈ పేటెంటు తన చేతికిచ్చారని తర్వాత రాశాడు. ఆమెకు ఒక్క పైసా రాలేదు.

మిగతా జీవితం గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే పత్రికలు అదే ఎక్కువ రాశాయి. ఎంజీఎం నుంచి బయటికొచ్చి తనే నిర్మాతగా ది స్ట్రేంజ్ వుమన్, డిజానర్డ్ లేడీ తీసింది. ఆ రోజుల్లో హీరోయిన్ నిర్మాత కావడం స్టూడియోలకు మింగుడుపడని విషయం. 1949లో సెసిల్ బి. డిమిల్ సినిమా శాంసన్ అండ్ డెలైలా ఆమె అతిపెద్ద హిట్టు. ఆ తర్వాత ఇటలీలో సొంత డబ్బు పెట్టి తీసిన సినిమా నిండా ముంచింది. 1958 నాటి ది ఫిమేల్ యానిమల్ చివరి సినిమా. ఆరు పెళ్ళిళ్ళు, ఆరు విడాకులు. దత్తత తీసుకున్న కొడుకు చిన్నప్పుడే వేరే కుటుంబం దగ్గరికి వెళ్ళిపోతే దశాబ్దాలపాటు మాటల్లేవు. ఇందులో తప్పు ఆమెదే అనిపించింది నాకు. అభిమానం కొద్దీ కప్పిపుచ్చలేను. 1966లో లాస్ ఏంజెలస్‌లోని ఒక దుకాణంలో 86 డాలర్ల సరుకు దొంగిలించిందని అరెస్టు చేశారు. కోర్టు నిర్దోషి అంది. అప్పటికే రావాల్సిన సినిమా వేషం జా జా గాబోర్‌కి వెళ్ళిపోయింది. అదే ఏడాది ఆమె పేరు మీద ఆత్మకథ వచ్చింది. రాసింది వేరేవాళ్ళు, నిండా బూతు కబుర్లు. ఆమె కేసు వేసింది గానీ పుస్తకం ఆగలేదు.

ముఖానికి ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేయించుకుంది. కొన్ని వికటించాయి. అక్కడ కూడా కుట్లు కనబడకుండా ఎక్కడ కోయాలో డాక్టర్లకు తనే చెప్పేదట. ఆ తర్వాత ఫ్లోరిడాలో ఒంటరిగా, ఎవరికీ కనబడకుండా, పిల్లలతో సైతం ఎక్కువగా ఫోన్లోనే మాట్లాడుతూ బతికింది. లోకమంతా ముఖం కోసమే గుర్తుపెట్టుకున్న మనిషికి ఆ ముఖం మారిపోతే తలుపు తీయడం ఎంత కష్టమో.

1997లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్ళు ఆమెకూ ఆంథైల్‌కీ పయనీర్ అవార్డు ప్రకటించారు. అప్పటికి ఆమెకు ఎనభై రెండేళ్ళు. అవార్డు తీసుకోవడానికి రాలేదు, కొడుకు వెళ్ళాడు. రికార్డు చేసిన తన గొంతు మాత్రం పంపింది. ముఖం లేకుండా గొంతు ఒక్కటే. 2000 జనవరి 19న చనిపోయింది. ఆమె కోరిక ప్రకారం చితాభస్మాన్ని కొడుకు వియన్నా అడవుల్లో చల్లాడు. 2014లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల జాబితాలో ఇద్దరి పేర్లూ చేర్చారు.

ఈ ఏడాది పోస్టరు కూడా నాకే అప్పజెప్పారు. పేటెంటులో రెండు షీట్ల బొమ్మలున్నాయి. మొదటి షీటుని ఏ3 సైజులో ప్రింటు తీశాను. ఫోటో కావాలని మావాళ్ళు గొడవ చేస్తే ఓ మూల స్టాంపంత పెట్టాను. ఆ సెకండియర్ అమ్మాయి ఇప్పుడు థర్డియర్. మొన్న కారిడార్‌లో ఆ బొమ్మ ముందు నిలబడి చిల్లుల వరుసలు లెక్కపెడుతూ కనిపించింది. పై వైపు ఏడున్నాయి, కింద నాలుగే ఉన్నాయేంటక్కా, ప్రింటింగ్‌లో పోయాయా అని అడిగింది. ఈసారి క్లాసుకి లేటయినా ఆగి చెప్పాను.